బలము కంటె ముందు కొలత

ఇటీవల మాకు అందిన లేఖలలో ఒకటి యంత్రములకు సంబంధించినది. గుంటూరు ప్రాంతపు శ్రోత ఒకరు వ్రాసిరి. అమెరికాలో ఉద్యోగము చేయుచున్న వారి కుమారుడు 1996లో తయారైన డాడ్జి రామ్ అను డీజిలు పికప్ బండిని కొన్నాడట. "ఇంధనపు పంపులో చిన్న పలక ఒకటి మార్చిన బలము ఇట్టే పెరుగునని స్నేహితులు చెప్పుచున్నారు. కుఱ్ఱవాడు ఆ మాట పట్టుకొని కూర్చున్నాడు. వెనుక బరువైన ట్రెయిలరు కట్టి కొండదారులలో తిరుగునట. మాకు భయముగా ఉన్నది. మొదట దేనిపై డబ్బు పెట్టవలెనో చెప్పగలరా?" అని వారు అడిగిరి.

ఆ భయము అకారణము కాదు. స్నేహితుల మాటయు అబద్ధము కాదు. రెండును ఎట్లు నిజమో చెప్పుటకే ఈ ప్రసంగము.

పికప్ అనగా ముందు కారువలె కూర్చుండు గది, వెనుక మూతలేని తొట్టి గల బండి. 1989 మొదలు డాడ్జి పికప్‌లలో కమిన్స్ సంస్థవారి 5.9 లీటర్ల, ఆరు సిలిండర్ల డీజిలు ఇంజను అమర్చిరి. ఈ ఇంజను మనకు పరాయిది కాదు. 1993లో ఏర్పడిన టాటా కమిన్స్ సంస్థ ఇదే కుటుంబమునకు చెందిన ఇంజనులను జంషెడ్‌పూరులో తయారుచేసినది. టాటా లారీలలో అవి మన రహదారులమీద ఎంతో కాలము బరువులు మోసినవి. విజయవాడ ఆటోనగరు మేస్త్రీలు వాని గుణదోషములు ఎఱుగుదురు.

డీజిలు ఇంజను పనిచేయు తీరు పెట్రోలు ఇంజను తీరువంటిది కాదు. పెట్రోలు ఇంజనులో లోనికి పోవు గాలిని ఒక కవాటము అదుపు చేయును. డీజిలు ఇంజనులో అట్టి అడ్డు లేదు. ప్రతి పర్యాయము గాలి నిండుగా లోనికి వచ్చును; పిస్టను దానిని మిక్కిలిగా అదుముటచేత అది కాగిపోవును; ఆ వేడిగాలిలోనికి చిమ్మిన డీజిలు తనంతట తానే అంటుకొనును. ఎంత డీజిలు చిమ్మిన అంత బలము. అందుచేతనే ఈ బండిలోని పంపు పలకను మార్చి, ఇంధనమునకు కర్మాగారమువారు పెట్టిన హద్దును జరిపినచో బలము వెంటనే పెరుగును. కర్మాగారమువారే ఈ ఇంజనును 1989లో 160 అశ్వశక్తికి అమర్చి, 1996 నాటికి చేతిగేర్ల బండ్లలో 215 వరకు పెంచిరి. కనుక ఇంజనులో చోటు ఉన్నమాట నిజమే.

అయితే ప్రతి ఇల్లాలికిని తెలిసిన విషయము ఒకటి కలదు. పొయ్యిలో గాలి ఆడకుండ కట్టెలు కుక్కిన మంట పెరుగదు, పొగ పెరుగును. ఇంజనులోను అంతే. గాలికి మించి పోసిన డీజిలు నల్లని పొగయై వెనుక వచ్చువారి ముఖముమీద పడును. అంతకంటె పెద్ద కీడు కంటికి కనబడదు. అధికముగా పోసిన ఇంధనము ఆలస్యముగా మండుచు, బయటకు పోవు వాయువుల వేడిని అమితముగా పెంచును. పిస్టనులు అల్యూమినియపు మిశ్రలోహముతో చేసినవి. శుద్ధ అల్యూమినియము 660 సెంటిగ్రేడు డిగ్రీలవద్ద కరగును. క్రిందినుండి చిమ్ము నూనె పిస్టనును చల్లార్చుచుండుటచేత కొలదిసేపు వేడిని ఓర్చుకొనును గాని, బరువుతో పొడవైన ఎత్తు ఎక్కునప్పుడు ఆ ఓర్పునకు హద్దు కలదు. టర్బోలోనికి ప్రవేశించు వాయువుల వేడి ఎడతెగక 680, 700 డిగ్రీలను దాటరాదని అనుభవజ్ఞులు లెక్క పెట్టుకొందురు.

కర్మాగారమునుండి వచ్చిన బండిలో ఈ వేడిని చూపు గేజి లేదు. నీటి వేడిని చూపు ముల్లు కదలునప్పటికి పిస్టనుకు కలుగవలసిన హాని కలిగిపోవచ్చును. కనుక మొదట కొనదగినది బలమునిచ్చు వస్తువు కాదు, ఈ వేడిని కొలుచు గేజి. దాని తీగ కొనను టర్బోకు ముందే అమర్చవలెను. టర్బో దాటిన పిదప వాయువులు చల్లబడుటచేత అక్కడి అంకె మోసపుచ్చును. అమర్చుటకు రంధ్రము చేయునప్పుడు ఇనుపరజను టర్బోలో పడనీయరాదు. దీనికి తోడుగా టర్బో గాలి ఒత్తిడిని చూపు గేజి ఒకటి ఉండవలెను. అలవాటైన ఒత్తిడి తగ్గినచో గొట్టము ఎక్కడనో కారుచున్నదనియో, గాలి వడపోత మూసుకొన్నదనియో తెలియును.

రెండవది, ఉన్న బలమును సరిచేసికొనుట. పాత బండి పోగొట్టుకొన్న శక్తిని తిరిగి రాబట్టుటకు క్రొత్త భాగములు అక్కరలేదు. వడపోతలు మార్చవలెను, వాల్వుల సందును ఈ ఇంజనుకు విధించినట్లు లోనికి గాలి వదలువానికి 0.25, పొగ వదలువానికి 0.50 మిల్లీమీటర్లుగా సరిచేయవలెను. ఈ ఇంజనుకు పేరుపొందిన లోపము మరియొకటి కలదు. ముందు భాగమున పండ్లచక్రముల పెట్టెను స్థానమున నిలుపు చిన్న ఉక్కు చీల, ఏండ్లు గడచిన కొలది అదురుకు వదులై చక్రముల నడుమ పడవచ్చును. పడినచో ఇంజనే చెడును. స్వల్పపు ఖర్చుతో ఒక రేకు బిగించి దానిని కదలకుండ చేయుదురు.

మూడవది, బలమును మోయు భాగములును ఆపు భాగములును. ఇంజను బలము పెరిగిన పాత క్లచ్చి జారును. గేర్లు తమంతట తామే మారు బండియైనచో గేరుపెట్టె నూనె కాగిపోవును. దానికిని ఒక గేజి కావలెను. గాలిని అడ్డగించు కవాటము లేనందున, కాలు తీసినప్పుడు డీజిలు ఇంజను బండిని పట్టి ఉంచు శక్తి తక్కువ. ట్రెయిలరుతో దిగుడు దిగువాడు ఈ సంగతి మరువరాదు. మంచి బ్రేకులు, ట్రెయిలరుకు వేరు బ్రేకులు, వీలైనచో పొగగొట్టమును మూసి వేగమును ఆపు ఎగ్జాస్ట్ బ్రేకు అవసరము. ఆ ఎగ్జాస్ట్ బ్రేకుకు ఈ ఇంజనులో గట్టి వాల్వు స్ప్రింగులు వేయింపవలసి యుండును.

ఇవి అన్నియు అయిన పిదపనే ఆ పలక. దానిని కొంచెము కొంచెముగా జరుపుచు, ప్రతి మార్పునకు బరువుతో ఎత్తు ఎక్కి గేజి చూచుకొనవలెను.

1998 నడుమనుండి 2002 వరకు తయారైన బండ్లకు ఈ పంపు లేదు. వాని విద్యుత్ పంపు తనకు చాలినంత డీజిలు అందనిచో చెడిపోవును. కనుక వానికి మొదటి గేజి ఇంధనపు ఒత్తిడిది. బండి పుట్టిన ఏడు తెలియక భాగములు కొనరాదు.

చట్టమును చూచుకొనవలెను. అమెరికాలో కాలుష్య నివారణకై అమర్చిన భాగములను తొలగించుట నిషిద్ధము. మన దేశములో 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, రిజిస్ట్రేషను పత్రములోని వివరములకు భిన్నముగా బండిని మార్చుటను నిషేధించినది.

కమిన్స్ వారి చరిత్రలోనే ఇందుకు ఒక దృష్టాంతము కలదు. 1931లో వారి డీజిలు కారు ఇండియానాపొలిస్ పందెములో 500 మైళ్లు ఎక్కడను ఆగక పరుగెత్తినది. 1952లో టర్బో తగిలించిన వారి మరియొక కారు ముందు స్థానమునుండి బయలుదేరినది. 200 చుట్ల పందెములో 71 చుట్లు తిరుగునప్పటికి, దారిలోని రబ్బరు తునకలు టర్బో గాలిద్వారమును మూసివేయుటచే విరమించుకొన్నది. బలమునకు కొదువ లేదు, ఊపిరి ఆడలేదు.

లేఖ వ్రాసిన శ్రోతకు మా మనవి యిది. ఆ పలక కొనవద్దని కుమారునికి చెప్పవలదు. యువకులు అట్టి మాట వినరు. గేజి కొనుటకు పైకము పంపుడు. బరువు కట్టి మొదటి కొండ ఎక్కినప్పుడు ముల్లు ఎంత చూపినదో వ్రాయుమనుడు. ఆ అంకె చూచిన పిదప, పలక మార్చుటయో మానుటయో అతడే నిర్ణయించుకొనగలడు.