తెలుసుకుంటే నొప్పి పెరుగుతుందట!

మణికొండ మర్రిచెట్టు దగ్గర మా అపార్ట్‌మెంట్ ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక వాయిస్ మెసేజ్ మూడు వారాలుగా తిరుగుతోంది. "ప్రసవం క్లాసులకు వెళ్లొద్దమ్మా. అవన్నీ వింటే భయం పట్టుకుంటుంది, బీపీ పెరుగుతుంది, ఆఖరికి ఆపరేషనే." చెప్పిందెవరో తెలీదు. ఎవరో డాక్టరుగారి వదినట.

పై అంతస్తులో ఎనిమిదో నెల అమ్మాయి, సాఫ్ట్‌వేర్ టెస్టర్, ఇది విని క్లాసులో చేరడం మానుకుంది. ఊరుకుందా? అర్ధరాత్రి ఒంటిగంటకు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కాన్పు వీడియోలు, అందులోనూ కేకలున్నవే ఏరుకుని చూస్తోంది. మొన్న వాళ్లమ్మతో అనేసింది: "నావల్ల కాదమ్మా. మంచిరోజు చూసి ఆపరేషన్‌కి చెప్పేద్దాం." క్లాసు గడప తొక్కని పిల్లకు ఈ భయం ఎవరు పెట్టినట్టు?

బ్రిటిష్ డాక్టరు గ్రాంట్లీ డిక్-రీడ్ 1933లోనే పుస్తకం రాసి మరీ చెప్పాడు: భయపడితే ఒళ్లు బిగుసుకుంటుంది, బిగుసుకుంటే నొప్పి ఎక్కువవుతుంది, ఆ నొప్పి మళ్లీ భయాన్ని పెంచుతుంది. భయంలో ఊరే అడ్రినలిన్, గర్భాశయాన్ని ముడుచుకునేలా చేసే ఆక్సిటోసిన్‌కి అడ్డుపడి నొప్పులను మందగింపజేయగలదు కూడా. తరగతులకు వెళ్లిన గర్భిణులపై వేర్వేరు దేశాల్లో జరిగిన అధ్యయనాలను కలిపి చూస్తే కాన్పు భయం తగ్గినట్టే తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో అనవసర సిజేరియన్లు తగ్గించే మార్గాల్లో, ఫలితాలు గమనిస్తూ అమలు చేయమంటూ, కాన్పు శిక్షణనూ చేర్చింది.

మన దగ్గర ఆ అవసరం ఎంతుందో 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. తెలంగాణలో సిజేరియన్లు 60.7 శాతం, ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5. దేశం మొత్తం మీద 21.5. ఇందులో ప్రాణం కాపాడినవీ ఉన్నాయి, ఆసుపత్రి వీలు కోసం జరిగినవీ ఉన్నాయి. భయపడి అడిగి చేయించుకున్నవీ ఉన్నాయి.

ఇంతకీ ఆ భయంకరమైన క్లాసులో ఏం చేయిస్తారు? గుప్పిట్లో ఐసు ముక్క పెట్టి నిమిషంపాటు వదలొద్దంటారు. మొదటిసారి అందరూ పళ్లు బిగబట్టి, భుజాలు చెవుల దాకా ఎత్తేసి, ఇరవై సెకన్లకే టిష్యూల కోసం వెతుక్కుంటారు. రెండోసారి దవడ వదులు చేసి, ఊపిరి నెమ్మదిగా వదులుతూ పట్టుకోమంటారు. ఐసు చల్లదనం ఏమీ తగ్గదు, నిమిషం మాత్రం గడిచిపోతుంది. పక్కన మొగుడుగారు, సిగ్గుపడుతూనే, నడుం కింద అరచేత్తో ఎక్కడ నొక్కాలో నేర్చుకుంటుంటాడు. అంతే. ఇది చూసి బీపీ పెరిగేవాళ్లు ఔటర్ రింగ్ రోడ్డు కూడా ఎక్కకూడదు.

"అయితే క్లాసుకెళ్తే నొప్పి పోతుందా?" అని ఎద్దేవా చేసేవాళ్లకు మాత్రం సగం మార్కులు ఇవ్వక తప్పదు. పోదు. భయం తగ్గుతుందనడానికి ఉన్నంత గట్టి ఆధారం నొప్పి తగ్గుతుందనడానికి లేదు. కొన్ని అధ్యయనాల్లో తగ్గింది, కొన్నిట్లో లేదు. 'నొప్పిలేని సహజ ప్రసవం' అని ప్యాకేజీ అమ్మేవాళ్లను నేనూ నమ్మను. నొప్పిని గట్టిగా తగ్గించేది ఎపిడ్యూరల్, అంటే వెన్నులో ఇచ్చే మత్తు ఇంజెక్షన్. అడిగి తీసుకోండి, నామోషీ ఏం లేదు. దానివల్ల జీవితాంతం నడుంనొప్పి అన్నది ఉత్తమాట.

ఏడో నెలలో క్లాసు మొదలుపెట్టండి, మొగుణ్నో అమ్మనో వెంట తీసుకెళ్లండి. నొప్పుల గదిలో తోడుగా ఒకరిని ఉండనిస్తారా, అటూ ఇటూ నడవనిస్తారా, రాత్రిపూట మత్తు డాక్టరు ఉంటారా అని ఆసుపత్రిలో ముందే అడగండి. ప్రభుత్వాసుపత్రుల్లోనే ఆడతోడును 2016 నుంచి అనుమతిస్తుంటే, లక్షలు తీసుకునేవాళ్లు కాదంటే ఎందుకో చెప్పమనండి. ఉమ్మనీరు పోయినా, రక్తం కనబడినా, బిడ్డ కదలికలు తగ్గినా ఊపిరి పాఠాలు పక్కనపెట్టి వెంటనే బయల్దేరండి. సాయంత్రం ఆరు దాటితే ఖాజాగూడ జంక్షన్ ట్రాఫిక్‌కి ఇంకో అరగంట కలుపుకోండి.