ఒక్క డేటాబేస్ చెడితే సర్వర్ అంతటినీ వెనక్కి తిప్పాలా?

పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాం అనే నాలుగు ప్రాంతాలున్నాయి. పుదుచ్చేరి పట్టణంలోని ఒక కార్యాలయ సర్వర్‌లో ఈ నాలుగింటికీ నాలుగు డేటాబేస్‌లు ఉన్నాయనుకుందాం. మధ్యాహ్నం పన్నెండు గంటలకు పొరపాటున యానాం డేటాబేస్ తొలగిపోయింది. సర్వర్ మొత్తాన్ని రాత్రి తీసిన బ్యాకప్‌కు మారిస్తే, మిగిలిన మూడు ప్రాంతాల్లో ఉదయం నుంచి చేసిన నమోదులు కూడా పోతాయి. అందువల్ల బ్యాకప్ ఉంటే చాలదు. అది ఏ విధమైనదన్నది ముఖ్యం.

విస్తృతంగా వాడుకలో ఉన్న ఉచిత డేటాబేస్ వ్యవస్థ పోస్ట్‌గ్రెస్‌లో రెండు మార్గాలున్నాయి. మొదటిది పీజీ డంప్. ఇది ఒక్కో డేటాబేస్‌లోని పట్టికలను, సమాచారాన్ని విడి ఫైలుగా రాస్తుంది. యానాం ఫైలును మాత్రమే తిరిగి ఎక్కించవచ్చు. మిగిలినవాటి జోలికి వెళ్లనక్కరలేదు. అయితే డంప్ మొదలైన క్షణం వరకు ఉన్న సమాచారమే అందులో ఉంటుంది. యానాం ఉదయపు నమోదులు దక్కవు. వినియోగదారుల ఖాతాలు ఇందులో చేరవు. వాటిని పీజీ డంప్ఆల్‌తో వేరుగా భద్రపరచాలి. ఇండెక్స్‌లను మళ్లీ నిర్మించవలసి ఉన్నందున, పెద్ద డేటాబేస్‌లకు సమయం ఎక్కువ పడుతుంది.

రెండవది సర్వర్ ఫైళ్లను యథాతథంగా నకలు తీసే పద్ధతి. పీజీ బేస్‌బ్యాకప్, బార్మన్, పీజీ బ్యాక్‌రెస్ట్ ఈ కోవకు చెందినవి. మార్పులను వరుసగా నమోదు చేసే వాల్ ఫైళ్లు తోడుంటే, తొలగింపునకు ముందు క్షణం వరకు సమాచారాన్ని రాబట్టవచ్చు. కానీ ఇలా తిరిగి వచ్చేది మొత్తం సర్వర్. కాబట్టి దానిని వేరొక యంత్రంపై పునరుద్ధరించి, అక్కడి నుంచి యానాం డేటాబేస్‌ను పీజీ డంప్‌తో తీసి అసలు సర్వర్‌కు చేర్చాలి.

పీజీ బ్యాక్‌రెస్ట్‌లో కోరిన డేటాబేస్‌నే ఎంచుకొనే సదుపాయం ఉంది. మిగిలినవి ఖాళీ ఫైళ్లుగా వస్తాయి గనుక స్థలం ఆదా అవుతుంది. అయినా దానిని అసలు సర్వర్‌కు విడిగానే పునరుద్ధరించాలి.

సాధనం ఏదైనా పరీక్షించకపోతే నమ్మలేం. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజినీరు పొరపాటున ప్రధాన డేటాబేస్ ఫైళ్లను తొలగించారు. సర్వర్ వెర్షన్ 9.6 కాగా, పీజీ డంప్ 9.2 వెర్షన్‌తో నడిచి విఫలమవుతూ వచ్చిందని, హెచ్చరిక ఈమెయిళ్లు ఎవరికీ చేరలేదని అప్పుడే బయటపడింది. సుమారు ఆరు గంటల ముందు తీసి ఉంచిన మరొక నకలు ఆ సంస్థను ఆదుకుంది. మధ్యలోని సమాచారం మాత్రం తిరిగి రాలేదు.

రోజూ ప్రతి డేటాబేస్‌కూ విడిగా ఒక డంప్, సర్వర్ మొత్తానికి వాల్ ఫైళ్లతో కూడిన నకలు, రెండూ ఉండాలి. అప్పుడప్పుడు ఒక డేటాబేస్‌ను వేరే యంత్రంపై పునరుద్ధరించి, ఎంత సమయం పట్టిందో రాసిపెట్టుకోవాలి. తిరిగి తెరిచి చూసిన బ్యాకప్‌నే బ్యాకప్‌గా లెక్కించాలి.