విజేతల మనోదార్ఢ్యము

టెన్నిసు ఆటలో చేయి, కాలు, కన్ను ఎంతగా పనిచేయునో, మనస్సును అంతగానే పనిచేయును. ఉన్నతశ్రేణి క్రీడాకారులందరికి బలము, నేర్పు ఇంచుమించు సమానముగానే ఉండును. అయినను వారిలో కొలదిమందియే మరల మరల గెలుచుచుందురు. ఇందుకు గల కారణములలో మనోదార్ఢ్యము ఒకటి. అది పుట్టుకతో వచ్చు వరమా, లేక అభ్యాసమున అలవడు గుణమా?

హైదరాబాదులో పెరిగిన సానియా మీర్జా చరిత్ర ఇందుకు చక్కని ఉదాహరణము. ఆమె 2007లో సింగిల్స్ ఆటలో ప్రపంచమున 27వ స్థానమునకు చేరెను. 2008లో మణికట్టుకు శస్త్రచికిత్స జరిగెను. 2013లో సింగిల్స్ విడిచి, డబుల్స్ ఆటయందే దృష్టి నిలిపెను. 2015 ఏప్రిల్‌లో ఆ ఆటలో ప్రపంచ ప్రథమస్థానము పొందెను. ఆ ఏడాది జులైలో వింబుల్డన్ ఫైనల్‌లో ఆమెయు, స్విట్జర్లాండుకు చెందిన మార్టినా హింగిస్‌యు రష్యా జంటయైన మకరోవా, వెస్నినాలతో తలపడిరి. మొదటి సెట్టు 5-7తో పోయినది. రెండవది 7-6తో దక్కినది. మూడవ సెట్టులో 2-5తో వెనుకబడిరి. ఇంకొక్క గేము పోయిన ఆట ముగిసెడిది. అచ్చటినుండి వరుసగా ఐదు గేములు గెలిచి, 7-5తో విజయము సాధించిరి.

పాయింట్ల గణితము

రోజర్ ఫెదరర్ తాను ఆడిన 1,526 సింగిల్స్ మ్యాచులలో దాదాపు 80 శాతము గెలిచెను. కాని మొత్తము పాయింట్లలో గెలిచినవి 54 శాతమే. ఇది వింతగా తోచును. ప్రతి పాయింటును గెలుచు అవకాశము నూటికి 54 అనుకొని లెక్క వేసిన, గేము గెలుచు అవకాశము నూటికి 60 అగును. సెట్టులో, మ్యాచులో ఈ ఆధిక్యము ఇంకను పెరుగును. అనగా మహావిజేత సయితము దాదాపు సగము పాయింట్లు ఓడిపోవుచున్నాడు. ఓడిన పాయింటును తలచుకొని కుములువాడు తరువాతి పాయింటును కూడ పోగొట్టుకొనును.

దేహములో జరుగునది

ఆపద తోచినపుడు మూత్రపిండములపై నున్న గ్రంథులు ఎడ్రినలిన్ అను రసమును రక్తములోనికి విడుచును. గుండె వేగముగా కొట్టుకొనును, కాలేయము చక్కెరను విడుదల చేయును, కండరములు బిగియును. పరుగెత్తుటకు ఇది మేలే. కాని రాకెట్టును పట్టిన వ్రేళ్ళు అతిగా బిగిసిన బంతి గురి తప్పును.

1908లో యెర్క్స్, డాడ్సన్ అను శాస్త్రజ్ఞులు ఎలుకలపై పరిశోధనలు జరిపిరి. తేలిక పనిని నేర్చుటకు తీవ్రమైన ప్రేరణ తోడ్పడెను. కష్టమైన పనికి మాత్రము మితమైన ప్రేరణయే మేలని తేలెను. ఉద్రేకము బొత్తిగా లేకున్న మనస్సు చెదరును, మితిమీరిన తడబడును. మరియొక చిక్కు కలదు. సైకిలు త్రొక్కుట బాగుగా వచ్చినవాడు తన పాదముల కదలికను తలచుచు త్రొక్కిన తూలును. అటులనే, భయపడిన ఆటగాడు అలవాటైన దెబ్బను ఆలోచించి కొట్టబోయి చెడగొట్టుకొనును.

అభ్యాసము

పాయింటుకు, పాయింటుకు నడుమ నేటి పెద్ద పోటీలలో 25 సెకండ్ల వ్యవధి ఉన్నది. అనుభవజ్ఞులు దీనిని వృథా చేయరు. ఊపిరిని నెమ్మదిగా విడుతురు. అందుచే గుండె వేగము కొంత తగ్గును. బంతిని నియమిత సంఖ్యలో నేలకు కొట్టుదురు. రాకెట్టు తీగెలను సవరింతురు. చూచువారికి చాదస్తముగా తోచు ఈ పనులు, గడచిన పాయింటునుండి మనస్సును మరల్చి, రాబోవుదానిపై నిలుపు సాధనములు.

మనోదార్ఢ్యమున్న ఓటమియే ఉండదని కాదు. 2016 రియో ఒలింపిక్సులో సానియా, రోహన్ బోపన్నతో కూడి మిక్స్‌డ్ డబుల్స్‌లో కాంస్యపతకపు పోటీ ఆడి ఓడిపోయెను. ఓడినవారెల్ల మనోబలహీనులు కారు. ఎదుటివారి నేర్పును గెలుపునకు కారణమే.

ఈ సూత్రములు టెన్నిసునకే పరిమితములు కావు. అనకాపల్లి జిల్లాలోని కోటవురట్ల వంటి ఊళ్ళలో చెడుగుడు కూతకు పోవు బాలునకును, పరీక్షాపత్రము చూడగానే చదివినది మరచు బాలికకును ఇవి వర్తించును. అట్టివారిని పిరికివారని ఉపాధ్యాయులు నిందింపరాదు. నింద ఉద్రేకమును హెచ్చించును. గడియారము పెట్టి చిన్న చిన్న పరీక్షలు తరచుగా జరిపి, ఒక ప్రశ్న తప్పిన దానిని విడిచి మరియొకదానికి పోవుట నేర్పవలెను. స్వభావములో భేదములున్నను, మనోదార్ఢ్యము చాలవరకు అభ్యాసముచే పెంపొందించుకొనదగినదే.