పసుపు ఎంత చిక్కన?

హైదరాబాద్ పుప్పాలగూడ అపార్ట్‌మెంట్లలో పొద్దున్నే బైకు మీద వచ్చి రక్తం తీసుకెళ్లే ల్యాబు కుర్రాళ్లు కొత్త కాదు. రాత్రికల్లా ఫోన్లో రిపోర్టు దిగుతుంది. ‘హెచ్‌ఎస్‌వీ-2 ఐజీజీ 1.6, పాజిటివ్’ అని, అంటే హెర్పిస్ టైపు 2 వైరస్‌కు యాంటీబాడీలున్నాయని ఉంటే గుండె జారుతుంది. ఆ 1.6 దేని కొలతో మాత్రం ఎవరూ చెప్పరు.

అది రంగు చిక్కదనం. 96 గుంటల ప్లాస్టిక్ ప్లేటు అడుగున హెర్పిస్ వైరస్ ప్రొటీన్ పూసి ఉంటుంది. సీరం పోస్తే, అందులోని యాంటీబాడీలు దానికి అతుక్కుంటాయి. కడిగి, వాటిని పట్టుకునే ఇంకో యాంటీబాడీని ఎంజైము తగిలించి వదులుతారు. మళ్లీ కడుగుతారు. ఇక్కడ బద్ధకిస్తే లేని రంగు కూడా వస్తుంది. చివర్లో పోసే ద్రావణం ఎంజైము ఉన్నచోట నీలంగా మారి, ఆమ్లం పడగానే పసుపవుతుంది. యంత్రం ఆ పసుపును కొలిచి కటాఫ్‌తో భాగిస్తుంది. చాలా కిట్లలో 1.1 దాటితే పాజిటివే.

ఈ ఎలైజా పద్ధతి 1971లో స్టాక్‌హోంలో ఇవా ఎంగ్వాల్, పీటర్ పెర్ల్‌మన్ చేతుల్లో పుట్టింది. అదే రోజుల్లో నెదర్లాండ్స్‌లో షూర్స్, వాన్ వీమెన్ విడిగా కనిపెట్టారు. అంతకుముందు ఇలాంటి కొలతలకు రేడియోధార్మిక పదార్థాలు వాడేవారు. ఆ బెడద తీరింది కానీ, హెర్పిస్ దగ్గర పేచీ మిగిలింది. ఎక్కువగా నోటి పొక్కులు తెచ్చే టైపు 1, జననాంగాలను పట్టే టైపు 2 దాయాదులు. ప్రొటీన్లు చాలావరకు ఒకేలా ఉంటాయి. పాత పరీక్షలు ఏది ఏదో తేల్చలేకపోయేవి. గ్లైకోప్రొటీన్ జి మాత్రం రెండింటిలో తేడాగా ఉంటుంది. టైపు విడదీసే కిట్లు దాన్నే నమ్ముకున్నాయి.

అయినా అసలు తిప్పలు లెక్కలో ఉన్నాయి. 2004-05లో గుంటూరు జిల్లాలో 15-49 ఏళ్లవారి రక్త నమూనాలు పరీక్షిస్తే, టైపు 2 యాంటీబాడీలు సుమారు 4.7 శాతం మందిలో తేలాయి. అంటే వెయ్యిలో 47 మంది. మిగతా 953 మందిలో నూటికి నలుగురి విషయంలో కిట్టు పొరబడిందనుకోండి, 38 మంది ఉత్తపుణ్యానికి పాజిటివ్! నిజమైనవారికీ వీరికీ సంఖ్యలో పెద్ద తేడా లేదు. ఈ అబద్ధపు పాజిటివ్‌లు ఎక్కువగా 1.1కూ 3కూ మధ్యే పడతాయి. అలాంటప్పుడు వేరే పద్ధతిలో మరోసారి చూడాలి. లక్షణాలు లేనివారికి అసలీ పరీక్షే వద్దని అమెరికా నివారణ సేవల బృందం 2016లోనూ, 2023లోనూ చెప్పింది.

సోకిన కొత్తలో యాంటీబాడీలు కనబడటానికి 12 వారాల దాకా పట్టొచ్చు, కనుక తొందరపడి చేయిస్తే వచ్చిన నెగెటివ్‌నూ నమ్మలేం. పొక్కు ఉంటే దాన్నుంచే స్వాబ్ తీసి పీసీఆర్ చేయించడం మేలు. ఇక గర్భిణులకు కొన్ని ఇన్ఫెక్షన్ల కోసం కలిపి చేసే టార్చ్ ప్యాకేజీలో వచ్చే, కొత్త ఇన్ఫెక్షన్‌కు గుర్తనుకునే హెర్పిస్ ఐజీఎం యాంటీబాడీ పరీక్ష సంగతంటారా, పాత ఇన్ఫెక్షన్ తిరగబెట్టినా అది పాజిటివ్ రావచ్చు. నా మటుకు నాకు అది డబ్బు దండగ.