సాయణుడు నిజంగా ఏమన్నాడు?

రథసప్తమి దగ్గర పడిందంటే మా శ్రీకాకుళంలో అరసవల్లి దారంతా జనం. అదే సమయానికి ఫోన్లలో ఒక సందేశం కూడా తిరగడం మొదలవుతుంది. కాంతివేగం మన ఋగ్వేదంలో ఎప్పుడో ఉందట, పాశ్చాత్యులు చాలా కాలం తర్వాత కనిపెట్టారట. కింద ఒక సంస్కృత శ్లోకం, దాని కింద గుణకారాలు, భాగహారాలు, ఆఖర్న సెకనుకు 1,86,000 మైళ్లు. నాకు దాన్ని పంపేవాళ్లలో ఎక్కువమంది నా దగ్గర ఇంటర్ చదివినవాళ్లే. “మేడమ్, ఇది నిజమేనా?” అని అడుగుతారు.

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైనదాన్ని. మా నాన్నగారు రోజూ సంధ్య వార్చేవారు. ఆయన మధ్యాహ్నం సూర్యుడికి ఎదురుగా నిలబడి చదివే మంత్రాలు వినీ వినీ నాకూ నోటికి వచ్చేశాయి. సైన్సూ నాదే, ఆ మంత్రాలూ నావే. అందుకే ఆ సందేశం పంపిన పిల్లల్ని కసురుకోబుద్ధి కాదు. వాళ్లు అడిగింది మంచి ప్రశ్న. దానికి జవాబు మాత్రం ఫోన్‌లో దొరకదు, పుస్తకం తెరవాలి.

సందేశంలో చెప్పే మంత్రం ఋగ్వేదం మొదటి మండలం, 50వ సూక్తం, నాలుగోది. ద్రష్ట ప్రస్కణ్వుడు. సూర్యుణ్ని ఉద్దేశించి, నువ్వు ఆకాశాన్ని దాటిపోయేవాడివి, అందరికీ కనిపించేవాడివి, వెలుగును పుట్టించేవాడివి అంటూ స్తుతిస్తాడు ఋషి. అంతే. అందులో అంకె లేదు. మండలం, సూక్తం, మంత్రం సంఖ్య తెలిస్తే ఎవరైనా ఐదు నిమిషాల్లో చూసుకోగల విషయం ఇది.

అంకె ఉన్నది సాయణాచార్యుడి భాష్యంలో. ఆయన 14వ శతాబ్దం మనిషి. విజయనగరంలో బుక్కరాయల దగ్గర మంత్రిగా ఉంటూ వేదభాష్యాలు రచించాడు, 1387లో కాలం చేశాడు. మంత్రానికీ ఆ భాష్యానికీ మధ్య రెండు వేల ఏళ్లకు పైగా దూరం. కాబట్టి ‘వేదంలో ఉంది’ అన్న మాట ఇక్కడే పోయింది.

అయినా సందేశం పంపినవాళ్ల పక్షాన ఒక మాట చెప్పాలి. కాంతికి వేగం ఉందని డెన్మార్క్ ఖగోళ శాస్త్రవేత్త రోమర్ చూపించింది 1676లో. సాయణుడు అంతకు దాదాపు మూడు వందల ఏళ్ల ముందువాడు. ఆ అంకెను ఎవరో తర్వాత చొప్పించారని నేను అనడం లేదు. మరి ఆయన ఏమన్నాడు? పెద్దలు ఇలా స్మరిస్తారు అంటూ ఒక పాత శ్లోకాన్ని ఉదాహరించాడు. అర నిమేషంలో, అంటే అర రెప్పపాటులో, 2,202 యోజనాలు సాగిపోయే నీకు నమస్కారం అని దాని భావం. నమస్కారం సూర్యుడికి. సాగిపోతున్నదీ సూర్యుడే. రోజూ మేరువు చుట్టూ తిరిగే పౌరాణిక సూర్యుడి రథవేగం అది. సూర్యుడి నుంచి బయలుదేరిన కాంతి మన దాకా వచ్చే వేగం గురించి ఆ శ్లోకంలో ఒక్క మాట లేదు.

ఇక లెక్క. నేను క్లాసులో ఈ లెక్కను బోర్డు మీద పిల్లల చేతే చేయించేదాన్ని. పురాణాల ప్రకారం 15 నిమేషాలు ఒక కాష్ఠ, 30 కాష్ఠలు ఒక కళ, 30 కళలు ఒక ముహూర్తం, 30 ముహూర్తాలు ఒక రోజు. అంటే రోజుకు 4,05,000 నిమేషాలు. మనుస్మృతిలో కాష్ఠకు 18 నిమేషాలు, అప్పుడు రోజుకు 4,86,000. భాస్కరాచార్యుడి సిద్ధాంతశిరోమణి లెక్కన రోజుకు 9,72,000. మూడూ మన గ్రంథాలే, మూడింటిలో నిమేషం మూడు రకాలు.

యోజనం కథా అంతే. ఎనిమిది వేల ధనువుల యోజనం తీసుకుని ధనువును ఆరడుగులనుకుంటే యోజనం సుమారు 14.6 కిలోమీటర్లు. ఆర్యభటుడు భూమి వ్యాసం 1,050 యోజనాలన్నాడు. మనకు ఇప్పుడు తెలిసిన వ్యాసాన్ని దానితో భాగిస్తే యోజనం 12 కిలోమీటర్ల పైచిలుకు. సూర్యసిద్ధాంతం అదే వ్యాసాన్ని 1,600 యోజనాలంటుంది. ఆ లెక్కన యోజనం ఎనిమిది కిలోమీటర్లే.

పురాణాల నిమేషాన్నీ 14.6 కిలోమీటర్ల యోజనాన్నీ కలిపితే సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు వస్తుంది. నిజంగానే వస్తుంది. పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్లు. అదే నిమేషానికి సూర్యసిద్ధాంతం యోజనం పెడితే 1,65,000. ఆర్యభటుడి యోజనం పెడితే రెండున్నర లక్షలు. 14.6 కిలోమీటర్ల యోజనాన్నే ఉంచి నిమేషం మాత్రం మనువుది తీసుకుంటే 3,60,000. భాస్కరుడిదైతే ఏడు లక్షలు దాటిపోతుంది. సందేశం రాసినవాళ్లు ఈ జతలన్నిటిలోంచి ఒక్కదాన్ని ఏరుకున్నారు. ఎందుకు దాన్నే అంటే, జవాబు వాళ్లకు ముందే తెలుసు కాబట్టి.

ల్యాబులో లోలకం ప్రయోగం చేసేటప్పుడు కొందరు పిల్లలు ఇదే పని చేస్తారు. గురుత్వ త్వరణం 980 రావాలని తెలుసు గనక, అది వచ్చేలా రీడింగులు వెనక నుంచి రాసుకొస్తారు. రికార్డు అందంగా ఉంటుంది, లోలకాన్ని మాత్రం కదిపి ఉండరు.

భాగవతం పంచమస్కంధంలో సూర్యరథం వేగానికి ఇంకో అంకె ఉంది. ముహూర్తానికి 34,00,800 యోజనాలు. ముహూర్తమంటే 48 నిమిషాలు. సందేశంలో వాడిన ఆ పెద్ద యోజనంతోనే లెక్కించినా సెకనుకు 17 వేల కిలోమీటర్ల చిల్లరే వస్తుంది. సాయణుడు చూపిన శ్లోకానికి ఎంత గౌరవం ఉందో భాగవతానికీ అంత గౌరవం ఉంది కదా. ఈ అంకెను ఏ సందేశంలోనూ ఎందుకు చూడం? కలిసొచ్చిన అంకెను ఊరేగించి, కలిసిరానిదాన్ని మూల పెట్టడం నాకు నచ్చదు. అది సైన్సుకు చేసే అన్యాయం ఒక్కటే కాదు, భాగవతానికి చేసే అన్యాయం కూడా.

దీని పక్కన రోమర్ చేసిన పనిని పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. గురుగ్రహం చుట్టూ తిరిగే అయో అనే ఉపగ్రహం గ్రహణాలను ఏళ్ల తరబడి గమనించిన లెక్కలు ఆయన ముందున్నాయి. గురువు మనకు దూరంగా ఉన్నప్పుడు ఆ గ్రహణాలు ఆలస్యంగా కనిపిస్తున్నాయి. రాబోయే గ్రహణం ఇంత ఆలస్యమవుతుందని ముందుగా చెప్పి, జనం చూసుకునే అవకాశం ఇచ్చాడు. తప్పైతే అందరి ముందూ తప్పయ్యేదే. సాయణుడి శ్లోకాన్ని పట్టుకుని మూడు శతాబ్దాల్లో ఎవరూ అలాంటి పని చేయలేదు, చేయాలని సాయణుడూ అనుకోలేదు. ఆయన సూర్యుడికి నమస్కారం చేస్తున్నాడు.

నాకు నిజంగా బాధ కలిగించేది ఇంకొకటి. ఈ అంకె గొడవలో పడి ఆ సూక్తాన్ని ఎవరూ చదవరు. అందులో ఉన్నవి 13 మంత్రాలు. సూర్యుడు వస్తుంటే నక్షత్రాలు దొంగల్లా రాత్రితోపాటు తప్పుకుంటాయి. ఆఖర్న ఒక రోగి ప్రార్థన వస్తుంది. గుండెలోని జబ్బునూ ఒంట్లోని పచ్చదనాన్నీ తీసెయ్యమని, ఆ పచ్చదనాన్ని చిలకలకు ఇచ్చేద్దామని అడుగుతాడు. అన్ని వేల ఏళ్ల కిందట ఎవరో పసుపెక్కిన కళ్లతో పొద్దుపొడుపును చూస్తూ, ఈ రంగు నాకొద్దు, చిలకకైతే నప్పుతుంది అనుకున్నారు. మా నాన్నగారు ఆ మంత్రాలకు అర్థం చెప్పిన రోజు నాకు కళ్లు చెమర్చాయి. ఏ కాంతివేగమూ దానికి సాటి రాదు.

ఇలాంటి మాటలు ఫోన్లకే పరిమితం కాలేదు. 2019 జనవరిలో జలంధర్‌లో ఇండియన్ సైన్స్ కాంగ్రెస్ జరిగింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం అప్పటి ఉపకులపతి ఆ వేదిక మీద కౌరవులు మూలకణాలతో, టెస్ట్‌ట్యూబ్ పద్ధతిలో పుట్టారన్నారు, రావణుడికి 24 రకాల విమానాలుండేవన్నారు. నిర్వాహకులు ఆ మాటలతో తమకు సంబంధం లేదని చెప్పుకోవాల్సి వచ్చింది. మా ఉత్తరాంధ్ర పిల్లలు పట్టాలందుకునే విశ్వవిద్యాలయం అది. అందుకే నాకు కష్టమనిపించింది.

కౌరవుల పుట్టుక గురించి భారతం ఆదిపర్వం తీసి చూద్దాం. గాంధారి రెండేళ్లు గర్భం మోసింది. కుంతికి కొడుకు పుట్టాడని విని తట్టుకోలేక, భర్తకు తెలియకుండా కడుపు మీద బాదుకుంది. ఇనుపగుండు లాంటి మాంసపు ముద్ద బయటపడింది. వ్యాసుడు వచ్చి దాని మీద చన్నీళ్లు చల్లించాడు, అది 101 ముక్కలైంది, వాటిని నేతికుండల్లో భద్రపరిచారు. ఇది వ్యాసుడి వరం ఫలించిన కథ. కణాన్ని వేరుచేసే పద్ధతి, పరికరం, మళ్లీ చేసి చూడడానికి వీలైన క్రమం ఇందులో లేవు. ఉన్నది ఒక తల్లి అసూయ, ఆరాటం, ఆ పుట్టుకలోంచే కురుక్షేత్రం దాకా సాగిన దుఃఖం. నన్నయ దీన్ని తెలుగులో చెప్పి వెయ్యేళ్లు కావస్తోంది. ఈ కథను ప్రయోగశాలలోకి ఈడ్చుకెళితే మిగిలేది నేతికుండ, పోయేది గాంధారి. ఇక రామాయణంలో రావణుడి విమానమంటే పుష్పకం. అదీ కుబేరుడి దగ్గర లాక్కున్నది.

విమానాల విషయంలో ఒకసారి పద్ధతిగా పరిశీలన జరిగింది. భరద్వాజ మహర్షి రాశాడని చెప్పే ‘వైమానిక శాస్త్రం’ పుస్తకాన్ని 1974లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు చెందిన ఐదుగురు చదివి చూశారు. సంస్కృతం ఏ కాలపుదో చూశారు, పుస్తకం ఎవరి నోట వెలువడిందో ఆరా తీశారు, ఆ తర్వాత బొమ్మల్లోని విమానాలు ఎగరగలవా అని లెక్క కట్టారు. అది 20వ శతాబ్దం తొలినాళ్లలో సుబ్బరాయశాస్త్రి అనే పండితుడు చెప్పగా మరొకరు రాసుకున్న గ్రంథమని, ఆ విమానాలు ఎగరలేవని తేలింది. వాళ్లు ఎగతాళి చేసి వదిలెయ్యలేదు, చదివారు. నేను పిల్లలకు చెప్పేదీ ఆ పనే.

ఇలా ప్రశ్నిస్తే భక్తి తగ్గుతుందేమోనని మా బంధువుల్లోనే కొందరు భయపడతారు. మన సంప్రదాయానికి ఆ భయం లేదు. వేదమంత్రాలకు అర్థమే లేదని కౌత్సుడు వాదిస్తే, యాస్కుడు ఆ వాదాన్ని తన నిరుక్తంలో ఉంచి మరీ సమాధానం చెప్పాడు. భూమి తనచుట్టూ తాను తిరుగుతోందని ఆర్యభటుడంటే బ్రహ్మగుప్తుడు ఒప్పుకోక ఎదురువాదం రాశాడు. ఆ వాదనలో గెలిచింది ఆర్యభటుడే, అయినా బ్రహ్మగుప్తుడు మనకు ఆచార్యుడే. శంకరాచార్యులైతే గీతాభాష్యంలో ఇంకా సూటిగా చెప్పారు. నిప్పు చల్లగా ఉంటుందని వంద శ్రుతివాక్యాలు చెప్పినా అవి ప్రమాణం కావని ఆయన మాట. కంటికి, కొలతకు అందే విషయాలకు ప్రత్యక్షమే ప్రమాణం, వాటికి అందనిది చెప్పడానికి శ్రుతి ఉంది. ఆ దారిలో నడిచేవాళ్లకు వేదం గౌరవం కాంతివేగం మీద ఆధారపడి లేదు. రేపు ఆ లెక్క తప్పని తేలితే వేదం కూడా తప్పవ్వాలా? నమ్మకాన్ని అలాంటి కొక్కేనికి తగిలించడం భక్తులకే ప్రమాదం.

ఇది ఒక్క మతం సంగతీ కాదు. 1994లో ముగ్గురు పరిశోధకులు హీబ్రూ ఆదికాండంలో సమాన దూరాల్లో అక్షరాలు ఏరితే తర్వాతి కాలపు రబ్బీల పేర్లు, తేదీలు దగ్గర దగ్గరగా కనిపిస్తున్నాయని ఒక గణాంకశాస్త్ర పత్రికలో రాశారు. 1997లో ‘బైబిల్ కోడ్’ అనే పుస్తకం దాన్ని ప్రపంచమంతా మోసింది. నాయకుల హత్యలు కూడా అందులో ముందే రాసి ఉన్నాయట. ఆస్ట్రేలియా గణితవేత్త బ్రెండన్ మెకే అదే పద్ధతిలో ‘మోబీ డిక్’ అనే తిమింగలం వేట నవలలో వెదికితే ఇందిరాగాంధీ హత్యతో సహా ఎన్నో ‘జోస్యాలు’ బయటపడ్డాయి. అంత పొడవైన పుస్తకంలో, ఎలాగైనా ఏరుకునే వీలుంటే, వెదికినవాళ్లకు ఏదైనా దొరుకుతుంది. 1999లో ఆయన, మరో ముగ్గురు కలిసి అదే పత్రికలో దీన్ని వివరంగా రుజువు చేశారు.

2020లో కరోనా వచ్చిన కొత్తలో, వీరబ్రహ్మేంద్రస్వామి కాలజ్ఞానంలో ఈ జబ్బు గురించి ఉందంటూ మన ఊళ్లలో మాటలు పాకాయి. మా వీధిలో ఒకావిడ నన్నడిగితే రెండే మాటలన్నాను. “అమ్మా, 2020కి ముందు అచ్చైన పుస్తకంలో ఆ మాటలు అలాగే ఉన్నాయేమో చూపించమనండి. ఉంటే, అది ఈ జబ్బు గురించేనని జబ్బు రాకముందు ఎవరైనా చెప్పారేమో అడగండి.” కాలజ్ఞానం నోటి నుంచి నోటికి పాటగా వచ్చింది. పాడేవాళ్లు తమ కాలాన్ని కలుపుకుంటూ పోవడం అలాంటి పాటలకు సహజం. స్వామి మీద గౌరవం ఉన్నవాళ్లే ఏది ఎప్పుడు చేరిందో ముందుగా వేరుచేసి చూసుకోవాలి.

ఈసారి మీ ఫోన్‌కు అలాంటి సందేశం వస్తే, పంపినవాళ్లను మర్యాదగానే అడగండి. ఏ గ్రంథం, ఏ అధ్యాయం, ఎన్నో శ్లోకం? మూలంలోదా, వ్యాఖ్యానంలోదా? ముందూ వెనకా ఏముంది? తెలుగువాళ్లకు పుస్తకం దొరకదన్న బాధ లేదు. కవిత్రయ భారతాన్నీ పోతన భాగవతాన్నీ తిరుమల తిరుపతి దేవస్థానం తాత్పర్యాలతో సహా అచ్చు వేసింది. తెరిచి చూడండి, ఇంట్లో పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. చెప్పిన చోట చెప్పిన మాట లేకపోతే ఆ సందేశాన్ని ఇంకొకరికి పంపకండి.