ముప్పై ఏడు వేలొస్తాయి, మరి ఉద్యోగమేనా?

పట్టిసీమ రేవులో లాంచీ కోసం చూస్తుంటే ఒక తండ్రి అడిగాడు: "మా అమ్మాయి రాజమండ్రిలో ఎమ్మెస్సీ జువాలజీ చేసిందండీ. జేఆర్‌ఎఫ్ వస్తే నెలకి 37 వేలంట. గవర్నమెంటు ఉద్యోగమేనా?"

కాదండీ. జేఆర్‌ఎఫ్ అంటే పీహెచ్‌డీ చేసేవారికి ఇచ్చే పరిశోధన భృతి. జీవశాస్త్రాల వాళ్లు దీనికి సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్ రాయాలి. మూడు గంటల్లో 145 ప్రశ్నల్లోంచి 75కు జవాబివ్వాలి. తప్పు రాస్తే మార్కులు కోస్తారు.

డబ్బు లెక్క చూద్దాం. మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాతి మూడేళ్లు 42,000. ఐదేళ్లకు సరిగ్గా 24 లక్షలు, అంటే రోజుకు సుమారు 1,315 రూపాయలు. ఇంటద్దె భత్యం వేరు. చదువుకు మీరు అప్పు చేయక్కర్లేదు. కానీ గడువు తీరితే భృతి ఆగిపోతుంది.

"నెట్ పాసైతే లెక్చరర్ అయిపోదా?" అర్హత వస్తుంది. 2023 జూలై 1 నుంచి అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు పీహెచ్‌డీ తప్పనిసరి కాదు, పీజీలో 55 శాతంతో పాటు నెట్ లేదా రాష్ట్ర స్థాయి పరీక్ష సెట్ చాలు. మూల వేతనమే 57,700. చిక్కంతా ఖాళీల దగ్గరే. 2023 చివర్లో ఆంధ్రప్రదేశ్‌లోని 18 యూనివర్సిటీలకు 3,220 పోస్టుల నోటిఫికేషన్ పడింది. అందులో తొలి మెట్టు పోస్టులు 2,001. యూనివర్సిటీకి సగటున 111. వాటిలోనే తెలుగూ, ఇంజనీరింగూ, కామర్సూ అన్నీ. పాతిక శాఖలనుకున్నా ఒక్కో దానికి నాలుగైదు. రిజర్వేషన్ రోస్టర్ వేశాక మీ అమ్మాయి వంతుకు ఒకటుంటే ఉన్నట్టు. పైగా నోటిఫికేషన్లు కోర్టు మెట్లెక్కి ఏళ్లు గడవడం మనం చూసిందే.

అందుకే ప్రకటనలో జీతం కంటే ముందు పోస్టు రకం చూడమంటాను. రెగ్యులరా, కాంట్రాక్టా, గెస్టా? హైదరాబాద్‌లోని సీసీఎంబీ, ఎన్‌ఐఎన్ లాంటి పరిశోధన సంస్థల్లో తరచూ పడేవి ప్రాజెక్టు పోస్టులు. ప్రాజెక్టు ముగిస్తే పోస్టూ ముగిసినట్టే. అయినా చేతికి పని వస్తుంది, వదులుకోవద్దు.

వయసు లెక్క కూడా ఇంట్లో వేసుకోండి. 23కు ఎమ్మెస్సీ, 28కి పీహెచ్‌డీ, ఆపైన పోస్ట్‌డాక్, అంటే డాక్టరేట్ తర్వాత మరొకరి ల్యాబ్‌లో చేసే పరిశోధన, రెండు మూడేళ్లు. ఈ ఎనిమిదేళ్లూ "ఇంకా ఉద్యోగం రాలేదా" అని మాత్రం అడగకండి. ఆ మాట ఎంత కుంగదీస్తుందో ల్యాబ్‌లో రాత్రుళ్లు గడిపినవాళ్లకే తెలుసు.

ఈ ఎదురుచూపు పెద్ద శాస్త్రవేత్తలకూ తప్పలేదు. మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుకు 1930లో హార్వర్డ్ పీహెచ్‌డీ వచ్చింది. పదేళ్లు ఎదురుచూసినా అక్కడ శాశ్వత ఉద్యోగం రాలేదు. 1940లో లెడర్లే అనే మందుల కంపెనీ పరిశోధనశాలలో చేరారు. బోదకాలు రాకుండా ఆరోగ్య కార్యకర్తలు మన ఇళ్లకు తెచ్చి మింగించిన డీఈసీ మాత్ర, అక్కడ ఆయన బృందం కనిపెట్టిందే.