నాలుకతో డీబగ్గింగ్

స్టాటిస్టిక్స్ సిలబస్‌లో ‘స్టూడెంట్స్ టి-టెస్ట్’ మీలో చాలామంది చదివే ఉంటారు. ఆ స్టూడెంట్ ఎవరో ఎప్పుడైనా వెతికారా? ఆయన పేరు విలియం సీలీ గాసెట్. డబ్లిన్‌లో గిన్నిస్ బీరు కంపెనీ ఉద్యోగి. బార్లీ లాంటి ముడిసరుకు నాణ్యత తేల్చడానికి ఆయన చేతిలో ఉండేవి చాలా చిన్న శాంపిళ్లు. అంత కొద్ది డేటాతో ఎంతవరకు నమ్మకంగా మాట్లాడొచ్చు అన్నదే ఆయన ప్రశ్న. ఉద్యోగులు సొంత పేరుతో పేపర్లు వేయడం కంపెనీకి ఇష్టం లేదు. అందుకే 1908లో ‘స్టూడెంట్’ అనే మారుపేరుతో ప్రచురించారు.

గాడ్జెట్ల మీద రాసే నేను క్రాఫ్ట్ బీర్ల మీదా రాస్తానని తెలిస్తే ఎవరైనా అడిగేది ఒకటే: ‘తాగడానికి కూడా డబ్బులిస్తారా?’ తాగడం వేరు, రుచి చూడటం వేరు. రుచి చూసేవాళ్లు ఒక్కో గ్లాసులో రెండు మూడు గుక్కలే తీసుకుంటారు. అసలు పనిలో సగం ముక్కుతోనే అయిపోతుంది. ఆ రోజు పెర్‌ఫ్యూమ్ కొట్టుకోకూడదు, మసాలా భోజనం చేసి కూర్చోకూడదు.

మరి ముక్కు ఏం వెతుకుతుంది? ఇక్కడే ఇంజినీరింగ్ బుర్రకు మజా. వెన్న వాసన వచ్చిందంటే డైఎసిటైల్ మిగిలిపోయిందన్నమాట. దాన్ని ఈస్టే తయారుచేస్తుంది, టైమిస్తే ఈస్టే తిరిగి లాగేసుకుంటుంది. తొందరపడి చల్లబరిస్తే మిగిలిపోతుంది. ట్యాప్ పైపులు సరిగా కడగకపోయినా బ్యాక్టీరియా వల్ల అదే వాసన రావచ్చు. ఉడికించిన మొక్కజొన్న పొత్తు వాసనైతే డైమిథైల్ సల్ఫైడ్, బార్లీ మాల్ట్ రసం సరిగా మరగలేదేమో చూడాలి. తడిసిన అట్టపెట్టె వాసనైతే ఆక్సిజన్ చేరి పాతబడింది. హాప్స్‌లోని చేదు పదార్థాలు వెలుతురు తగిలి విరిగితే ఘాటైన గంధకపు కంపు పుడుతుంది. బీరు సీసాలు ఎక్కువగా గోధుమరంగులో ఉండేది అందుకే. అంటే ఒక్కో వాసన ఒక్కో ఎర్రర్ మెసేజ్. ప్రాసెస్‌లో ఏ లైన్ దగ్గర తప్పు జరిగిందో అది చెబుతుంది. ఈ వాసనలన్నింటినీ ఒక చక్రంలా అమర్చి, ప్రపంచంలోని బ్రూవరీలకు ఉమ్మడి భాష ఇచ్చిన మార్టెన్ మైల్‌గార్డ్ కూడా కెమికల్ ఇంజినీరే.

ఇంకో మెలిక ఉంది. అరటిపండు వాసన తప్పా, ఒప్పా? జర్మన్ గోధుమ బీరు హెఫెవైజెన్‌లో అది ఉండాల్సిందే, పక్కన కాస్త లవంగం కూడా. అదే పిల్స్‌నర్‌లో ఘుప్పుమంటే లోపం. కాబట్టి ‘నాకు నచ్చిందా?’ అని కాదు, ‘ఇది ఏం కావాలనుకుంది, అయిందా?’ అని చూడాలి. 1985లో అమెరికాలో మొదలైన బీజేసీపీ అనే సంస్థ పోటీల జడ్జీలకు పరీక్షలు పెడుతుంది. దాని షీటులో మొత్తం 50 మార్కులు: వాసనకు 12, రుచికి 20, నోట్లో తగిలే తీరుకు 5, మొత్తం అభిప్రాయానికి 10. చూపుకు 3 మాత్రమే. ఇన్‌స్టాగ్రామ్‌లో మనం ఫొటోలు తీసి పెట్టేది ఆ 3 మార్కుల కోసమే!

‘సూపర్ స్మూత్, మస్త్ ఉంది’ అన్నది రివ్యూ కాదు. ‘మసకగా, లేత పసుపు. ముందు అరటిపండు, వెనక లవంగం. చేదు తక్కువ, మింగాక నోరు పొడిబారలేదు’ - ఇది రివ్యూ. చదివినవాళ్లు అదే గ్లాసు పట్టుకుని మీ మాట నిజమో కాదో చూసుకోవచ్చు. ఫోన్ రివ్యూకైనా, టెస్టింగ్ ఉద్యోగంలో బగ్ రిపోర్టుకైనా కావాల్సింది ఇదే.

దీనికి బీరే అక్కర్లేదు. తెలుగు రాష్ట్రాల్లో 21 ఏళ్లు నిండనివాళ్లకు అమ్మకూడదు కూడా. హాస్టల్లో రెండు బ్రాండ్ల పెరుగు చాలు. ఒకేలాంటి మూడు కప్పులు తీసుకోండి. రెండింటిలో ఒకే పెరుగు, మూడోదాంట్లో వేరేది. కప్పులకు మూడంకెల నంబర్లేసి, వరస మారుస్తూ ఇవ్వండి. ‘తేడాది ఏది?’ అని మాత్రమే అడగండి. దీన్ని ట్రయాంగిల్ టెస్ట్ అంటారు, బ్రూవరీల్లో రోజూ వాడేదే. 12 మందిలో నలుగురు గుడ్డిగా చెప్పినా కరెక్టవుతారు. 5 శాతం స్థాయిలో తేడా ఉందని చెప్పాలంటే కనీసం 8 మంది పట్టుకోవాలి. బైనామియల్ వేసి చూడండి, అదే వస్తుంది. ‘మా బ్రాండే బెస్ట్’ అని వాదించే ఫ్రెండ్‌ని ముందు కూర్చోబెట్టండి.

ఇక ఉద్యోగాల సంగతి. సంగారెడ్డి జిల్లాలో పెద్ద బ్రూవరీలున్నాయి, శ్రీకాకుళం జిల్లా రణస్థలం దగ్గరా ఒకటుంది. బెంగళూరు, హైదరాబాద్‌లలో మైక్రోబ్రూవరీలున్నాయి. క్వాలిటీ ల్యాబ్‌లకు పనికొచ్చేది మైక్రోబయాలజీ, బయోటెక్, కెమికల్, ఫుడ్ టెక్నాలజీ చదువు. ‘నేను బీర్ ఎక్స్‌పర్ట్‌ని’ అన్న మాట కాదు. సిసరోన్ అనే సర్టిఫికెట్‌లో మొదటి మెట్టు ఆన్‌లైన్ పరీక్షే, 60 ప్రశ్నలు, 30 నిమిషాలు. ఫీజు డాలర్లలో ఉంటుంది. అది ఒక్కటే చూసి ఎవరైనా ఉద్యోగమిస్తారని నేననుకోను. సీరియస్‌గా బ్రూయింగ్ చదవాలంటే ఎడిన్‌బరోలోని హెరియట్-వాట్ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ఉంది.

మద్యం జోలికి వెళ్లడం ఇష్టం లేనివాళ్లకు దారి ఇంకా వెడల్పు. మైసూరులోని సీఎఫ్‌టీఆర్‌ఐలో ఫుడ్ టెక్నాలజీ ఎమ్మెస్సీ చేయొచ్చు. కాఫీ బోర్డు కాఫీ నాణ్యత మీద పీజీ డిప్లొమా నడుపుతోంది. బిస్కట్లు, పాలు, టీ, మసాలాల కంపెనీలకూ రుచి చూసి రాసిపెట్టే మనుషులు కావాలి. అలాంటి ఇంటర్వ్యూకు వెళ్తే తేదీ, బ్యాచ్ నంబర్, ఉష్ణోగ్రత, నాలుగు లైన్ల వివరణతో ఓ యాభై ఎంట్రీలున్న నోట్‌బుక్ పట్టుకెళ్లండి. అవి పెరుగువైనా పర్లేదు.